పూల పొగాకును పొగాకని చెప్పి అమ్మండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలోని తోట పేజీలో ఈ నెల మొదట్లో చలికాలపు పూలమొక్కల జాబితా వేశారు. బంతి, చామంతి, పెటూనియా, ఫ్లాక్స్, డయాంథస్‌ల తరువాత ‘నికోషియానా’ అన్న పేరు ఉంది. సాయంత్రం పూట పరిమళిస్తుందనీ, కుండీల్లో సులువుగా పెరుగుతుందనీ రెండు వాక్యాల్లో ముగించారు. అది పొగాకు జాతి మొక్క అని ఎక్కడా రాయలేదు. మరుసటి వారం ఒక పాఠకుడు ఘాటుగా అభ్యంతరం చెబుతూ ఉత్తరం రాశారు. అది పొగాకే కాబట్టి పిల్లలున్న ఇంట్లో ఉండకూడదనీ, అనుమతి లేకుండా పెంచడం నేరం కావచ్చుననీ, ఇలాంటి మొక్కను పత్రిక పరిచయం చేస్తే పొగతాగడాన్ని ప్రోత్సహించినట్లేననీ ఆయన అన్నారు. నాకు ఈ రెండు రాతలూ సరిగా అనిపించలేదు. తోట పేజీ ముఖ్యమైన సంగతి వదిలేసింది. ఆ పాఠకుడు ఆ సంగతిని పట్టుకున్నారు గానీ, అక్కడి నుంచి మొక్కను పీకి పారేయాలన్న చోటికి వెళ్లిపోయారు. ఈ మొక్కను పొగాకని చెప్పే అమ్మాలి, పొగాకని తెలిసే పెంచాలి అని నా విన్నపం. అందుకు కారణాలు కాస్త వివరంగా రాస్తున్నాను. ఉత్తరం పొడవైతే మన్నించండి.

మాది కందుకూరు దగ్గర పల్లె. మా నాన్నకు పొగాకు ఆకును వేడి మీద ఆరబెట్టే బ్యారన్ ఒకటి ఉండేది. వినాయక చవితి నాటికి పచ్చబడే నారుమళ్లు, దసరా దాటాక నాట్లు, సంక్రాంతి రోజుల్లో కోతలు, పచ్చాకును కర్రలకు అల్లుతూ ఆడవాళ్లు చెప్పుకునే కబుర్లు, రాత్రంతా బ్యారన్ దగ్గర మేలుకొని వేడి చూసుకునే మగవాళ్లు, మండెలు, బేళ్లు, వేలం కేంద్రం దగ్గర ధర కోసం పడిగాపులు... నా చదువుకు ఫీజులు ఆ ఆకే కట్టింది. తరువాత ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో జీవశాస్త్రం చెప్పాను. పదవీ విరమణ చేశాక ఒంగోలులో మేడ మీద కుండీల్లో పూలు పెంచుకుంటున్నాను. మా తమ్ముడు ఇప్పటికీ ఊళ్లో పొగాకు వేస్తున్నాడు. పంట వైపు నుంచీ పూలకుండీ వైపు నుంచీ కూడా ఈ మొక్కతో నాకు పరిచయం ఉంది కనుకనే ఇంత చొరవ తీసుకుంటున్నాను.

నికోషియానా అంటే ఒక్క మొక్క కాదు. డెబ్బైకి పైగా జాతులున్న ఒక ప్రజాతికి అది ఉమ్మడి పేరు. 1560 ప్రాంతంలో లిస్బన్‌లో ఫ్రాన్స్ రాయబారిగా ఉంటూ పొగాకును తమ రాజదర్బారుకు పంపిన ఝాన్ నికో పేరు మీద వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ ఈ పేరును 1753లో స్థిరపరిచాడు. మన చేలలో పండేది నికోషియానా టబాకమ్. తోటల్లో పూల కోసం పెంచేవి దాని చుట్టాలు. దక్షిణ బ్రెజిల్, పరాగ్వే, ఉరుగ్వే, అర్జెంటీనా ప్రాంతాల నుంచి వచ్చిన అలాటా వీటిలో ముఖ్యమైనది. దాన్ని ఎర్రపూల ఫర్గెటియానాతో కలిపి ఇంగ్లండులో ఇరవయ్యో శతాబ్దం మొదట్లో చేసిన సంకరానికి సాండర్ నర్సరీ పేరు మీద సాండెరే అని పేరు వచ్చింది. రంగురంగుల పాకెట్లలో ఎక్కువగా దొరికేవి ఈ సాండెరే రకాలే. చిన్న చిన్న ఆకుపచ్చ గంటల్లాంటి పూలు పూసే లాంగ్స్‌డార్ఫై ఒకటి ఉంది, దాని పుప్పొడి నీలం. తెల్లగా విచ్చుకుని రోజులు గడిచేకొద్దీ గులాబీ రంగుకు మారే మ్యూటాబిలిస్‌నైతే శాస్త్రజ్ఞులు 2002లో గానీ కొత్త జాతిగా నమోదు చేయలేదు.

వీటన్నిటిలో నాకు ప్రాణం సిల్వెస్ట్రిస్. అర్జెంటీనా, బొలీవియాల ఆండీస్ వాలుల్లో పుట్టిన మొక్క అది. అయిదడుగుల ఎత్తు లేస్తుంది. ఆకులు పెద్దవి, ముదురు పచ్చనివి. చేలో పొగాకును చూసినవారు చూడగానే పోలిక పట్టేస్తారు. కాడ చివర పొడవాటి తెల్లని గొట్టాల్లాంటి పూలు గుత్తిగా కిందికి వేలాడతాయి. ఆ పోలిక ఊరికే వచ్చింది కాదు. మనం పండించే టబాకమ్ ఎప్పుడో సిల్వెస్ట్రిస్‌కూ టొమెంటోసిఫార్మిస్ అనే మరో జాతికీ కలిగిన సంతానం. తల్లి వైపు సిల్వెస్ట్రిస్. ఆ రెండిటిలోనూ 24 చొప్పున క్రోమోజోములుంటే టబాకమ్‌లో 48 ఉంటాయి. మా జిల్లాలో ఎన్నో కుటుంబాలను పోషించిన, ఎన్నో కుటుంబాలను అప్పుల్లో ముంచిన పంటకు కన్నతల్లి నా మేడ మీద కుండీలో ఉందని తెలిసినప్పుడు కలిగిన ఆనందం ఇప్పటికీ తగ్గలేదు. పదో తరగతి పిల్లలకు సంకరణం గురించి చెప్పేటప్పుడు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు దొరకలేదు.

పొగాకు ఊళ్లలో పుట్టినవారికి కూడా పొగాకు పువ్వు బాగా తెలుసనుకోవడం పొరపాటు. చేలో మొగ్గ కనబడగానే తల తుంచేస్తారు. పువ్వుకూ గింజకూ పోయే బలం ఆకుకు పట్టి, ఆకు బరువెక్కాలని. తుంచిన తరువాత పక్కల నుంచి పిలకలు తన్నుకొస్తాయి, వాటినీ తీసేస్తారు. విత్తనానికి వదిలిన నాలుగు మొక్కల మీద తప్ప లేత గులాబీ రంగు పూలను మేము చూసేవాళ్లమే కాదు. మా అమ్మ ఒకసారి ఆ విత్తనపు మొక్క దగ్గర నిలబడి, ఎంత బాగుందో చూడు, దీన్ని ఎవరూ తలలో పెట్టుకోరు అంది. ఆవిడ ఉండగా సిల్వెస్ట్రిస్ పూయించి చూపలేకపోయానన్న వెలితి నాకుంది.

ఇక వాసన సంగతి. అలాటా పూలు పగలు వడలిపోయినట్లు ముడుచుకుని ఉంటాయి. కొత్తవారు నీళ్లు చాలలేదేమోనని కంగారుపడతారు. పొద్దు వాలాక అయిదు రేకలూ నక్షత్రంలా విచ్చుకుంటాయి, చీకటి పడ్డాక పరిమళం మొదలవుతుంది. మల్లెలో కాస్త లవంగం కలిసినట్లుంటుంది. ఎండలో ఒక్క పువ్వూ బాగా కనబడని మొక్క కిటికీ దగ్గరుంటే రాత్రి పదింటికి గది నిండుతుంది. ఈ ఏర్పాటు మనకోసం చేసుకున్నది కాదు. ఆ పొడవాటి గొట్టం అడుగున ఉన్న తేనెను అందుకోగలిగింది పొడవాటి నాలుక ఉన్న, రాత్రిపూట ఎగిరే పెద్ద రెక్కల పురుగు. చిలగడదుంప ఆకులు తిని పెరిగే గొంగళి నుంచి వచ్చే బూడిద రంగు పురుగు అలాంటిదే. అగ్రియస్ కన్వాల్వులి దాని శాస్త్రీయ నామం. బ్రిటన్‌లో రాత్రి పురుగులను గమనించేవారు దాన్ని రప్పించడానికే తమ తోటల్లో ఈ పొగాకు మొక్కలు నాటుకుంటారు. అది మన దేశంలోనూ ఉంది. పువ్వు మీద వాలకుండా గాలిలో నిలబడి తేనె పీల్చుకుంటుంది. మేడ మీద దీపం ఆర్పి కూర్చుంటే రెక్కల చప్పుడు వినబడుతుంది.

ఇక్కడే కొనేవారు మోసపోతున్నారు. ఒక దుకాణంలో ‘సువాసన గల నికోషియానా’ అని అమ్మిన పాకెట్టు నుంచి నాకు జానెడు ఎత్తు మొక్కలు వచ్చాయి. పగలంతా ఎర్రగా, గులాబీగా విరగబూశాయి. వాసన మాత్రం లేదు. పొట్టిగా ఉండాలని, పగలు కూడా విచ్చుకుని ఉండాలని, రంగులు ఎక్కువ కావాలని తీర్చిదిద్దిన రకాల్లో చాలావాటికి పరిమళం పోయింది, లేదా నామమాత్రంగా మిగిలింది. రంగు కావలసినవారికి అవి మంచివే, వరండా అంచున వరసగా పెడితే అందంగా ఉంటాయి. సువాసన కోరేవారు మాత్రం పొడవుగా పెరిగే తెల్లపూల అలాటానో, సిల్వెస్ట్రిస్‌నో అడగాలి. పాకెట్టు మీద జాతి పేరు లేకపోతే ఎలా అడుగుతారు? ‘నికోషియానా మిశ్రమం’ అని మాత్రమే రాసి అమ్మడం అన్యాయం.

పెంపకం గురించి మీ పేజీ సులువు అంది. నారు దశ దాటితే నిజంగానే సులువు. గింజ ఇసుక రేణువు కంటే చిన్నది. మన పంట పొగాకు గింజలు గ్రాముకు పదివేలకు పైనే తూగుతాయి. పూల జాతులవీ దాదాపు అంత సన్నమే. మొలవడానికి వెలుతురు కావాలి, మట్టి కప్పితే మొలకలు రావు. మా నాన్న గింజను సన్నని ఇసుకతో కలిపి చల్లి, మడి మీద వరిగడ్డి పలచగా పరిచేవారు. నీళ్లు సన్నచిల్లుల రోజ్‌క్యాన్‌తోనే పోయాలి, ధారగా పడితే గింజలన్నీ ఒక మూలకు చేరతాయి. మొలక కనబడ్డాక గడ్డిని కొంచెం కొంచెంగా తీసేయాలి. నేను ట్రేలో అదే పద్ధతి పాటిస్తాను, గడ్డికి బదులు పైన గాజుపలక ఆనిస్తాను. పది నుంచి ఇరవై రోజుల్లో మొలకలు కనబడతాయి. తడి ఎక్కువై, మొలకలు ఒత్తుగా ఉంటే నారుకుళ్లు వస్తుంది, ఒక్క రాత్రిలో సగం ట్రే నేలకు ఒరుగుతుంది. పలచగా చల్లడం, ఉదయం పూటే తడపడం, గాలి ఆడనివ్వడం దీనికి మందుకంటే ముందు చేయవలసిన పనులు.

మా వైపు అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనాల వానలూ వాయుగుండాలూ తప్పవు. అందుకని సెప్టెంబరు చివర చల్లి, నారును చూరు కింద కాపాడుకుని, నాలుగైదు ఆకులు వచ్చాక కుండీల్లోకి మారిస్తే సంక్రాంతికి పూలు చూడవచ్చు. తెలంగాణలో, రాయలసీమలో వానల బెడద తక్కువ కాబట్టి ఇంకాస్త ముందువెనుకలుగా చల్లుకోవచ్చు. నీరు నిలవని మట్టి, పశువుల ఎరువు, మధ్యాహ్నం తరువాత నీడ ఉంటే చాలు. అలాటాకు అడుగు దూరం, సిల్వెస్ట్రిస్‌కు రెండడుగులు ఇవ్వాలి. సముద్రపు గాలికి సిల్వెస్ట్రిస్ విరుగుతుంది, కర్ర ఊతం కట్టాలి. మార్చి చివరి ఎండలకు ఇవి డస్సిపోతాయి. అప్పుడు నిలబెట్టడానికి తంటాలు పడకుండా పీకేయడమే మంచిది. ఎందుకో కింద రాస్తాను.

విత్తనం దాచుకోవాలనుకునేవారికి ఒక సంగతి. అసలైన అలాటా తన పుప్పొడితో తాను గింజ కట్టదు. కీలం తన సొంత పుప్పొడిని గుర్తుపట్టి, పుప్పొడి నాళం కిందికి దిగకుండా ఆపేస్తుంది. వృక్షశాస్త్రంలో స్వవిరుద్ధత అనే ఈ విషయాన్ని అర్థం చేసుకోవడానికి శాస్త్రజ్ఞులు ఎంచుకున్న ముఖ్యమైన మొక్కల్లో అలాటా ఒకటి. దానికి కారణమైన ప్రోటీన్ తాలూకు జన్యువును మెల్‌బోర్న్ పరిశోధకులు 1986లో ఈ మొక్క నుంచే వేరుచేశారు. ఒంటరి అలాటా కుండీ పెట్టుకుని కాయలు రాలేదేమని చూస్తూ కూర్చోవద్దు, వేర్వేరు గింజల నుంచి వచ్చిన రెండు మూడు మొక్కలైనా దగ్గరగా ఉండాలి. సిల్వెస్ట్రిస్‌కు ఈ ఇబ్బంది లేదు. రంగుల సంకర రకాల గింజలు దాచినా తల్లి రంగు వస్తుందన్న నమ్మకం లేదు.

ఇక విషం సంగతి. మీ పేజీలో ఈ మాట ఉండవలసింది. ఈ మొక్కల ఆకు, కాడ, వేరు అన్నిటిలో నికోటిన్ గానీ దానికి దగ్గరి చుట్టాలైన ఆల్కలాయిడ్లు గానీ ఉంటాయి. జాతిని బట్టి ఎక్కువ తక్కువలు ఉంటాయి, ఏదీ తినదగినది మాత్రం కాదు. చిన్నపిల్లలు, కుక్కలు, మేకలు అందుకునే చోట పెట్టకూడదు. ఆకులూ కాడలూ జిగురుగా ఉంటాయి, తడి ఆకును వట్టి చేతులతో ఎక్కువసేపు తుంచకూడదు. మంచులో పచ్చాకు కోసేవారికి నికోటిన్ చర్మం గుండా ఎక్కి తల తిరగడం, వాంతులు, తలనొప్పి రావడం నేను చిన్నప్పుడు చూశాను. నీరసమనో, ఎండ దెబ్బ అనో మజ్జిగ ఇచ్చి పడుకోబెట్టేవారు. వైద్యులు దాన్ని పచ్చ పొగాకు జబ్బు అని గుర్తించారని చాలా ఏళ్ల తరువాత చదివాను. రెండు కుండీలకు ఆ ప్రమాదం రాకపోవచ్చు గానీ, చేతి తొడుగులు వేసుకోవడానికీ సబ్బుతో చేతులు కడుక్కోవడానికీ పెద్ద కష్టమేమీ లేదు.

అయినా విషం ఉన్నంత మాత్రాన ఇంటి నుంచి తరిమేయాలంటే మన వాకిళ్లలో ఏం మిగులుతుంది? గన్నేరు ప్రతి ఇంటి ముందూ ఉంది. పచ్చగన్నేరు గింజ ఎంత ప్రమాదకరమో పల్లెల్లో అందరికీ తెలుసు. ఉమ్మెత్త పూలను శివుడికి పెడతాం. గదుల్లో అలంకారానికి ఉంచే డిఫెన్‌బేకియా ఆకు నమిలితే నోరు వాచిపోతుంది. వీటిని పిల్లలకు చూపించి, ఇది ముట్టుకోకూడదు అని చెప్పి పెంచుకుంటున్నాం. పూల పొగాకుకు కూడా అదే మర్యాద చాలు. ఆ చెప్పడం జరగాలంటే ముందు కొన్నవారికి అది పొగాకని తెలియాలి కదా.

ఇంకో హెచ్చరిక. మేడతోటలు చేసేవారిలో పొగాకు కషాయం వాడకం పెరుగుతోంది. ప్రకృతి వ్యవసాయంలో పురుగుల మీద చల్లే అగ్నాస్త్రం అనే కషాయంలో కూడా పొగాకు కలుపుతారు. ఇంట్లో పూల పొగాకు ఉంది కదా అని దాని ఆకులు ఉడికించి టమాటా మీద చల్లవద్దు. ఆకు నుంచి వచ్చినంత మాత్రాన నికోటిన్ మెత్తబడదు, తేనెటీగలకూ చల్లే మనిషికీ అది హానే. టమాటాకు మరో ప్రమాదం కూడా ఉంది.

ఆ ప్రమాదమే ఈ ఉత్తరానికి అసలు కారణం. పొగాకు, మిరప, వంగ, టమాటా అన్నీ ఒకే కుటుంబం. పొగాకు ఆకుల మీద పచ్చ, లేతపచ్చ మచ్చలు తెచ్చే మొజాయిక్ తెగులు వీటిలో చాలావాటికి సోకుతుంది. 1886లో అడాల్ఫ్ మేయర్ ఈ తెగులును రసం ద్వారా ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు అంటించి చూపాడు. 1892లో ఇవనోవ్‌స్కీ బాక్టీరియాను ఆపే వడపోత గుండా పోయిన రసం కూడా తెగులు తెస్తుందని కనుక్కున్నాడు. 1898లో బైయరింక్ అది వేరే రకం అంటుపదార్థమన్నాడు, 1935లో స్టాన్లీ దాన్ని స్ఫటికాలుగా వేరుచేశాడు. మనిషి మొట్టమొదట తెలుసుకున్న వైరస్ పొగాకుదే. దీన్ని మోసుకుపోవడానికి పురుగు అక్కర్లేదు. మన చేతులు, కత్తెర, చీర కొంగు చాలు. ఎండిన ఆకులో కూడా ఏళ్ల తరబడి బతికి ఉంటుంది. నారుమళ్లలో పనిచేసేటప్పుడు చుట్ట, బీడీ తాగవద్దనీ, ఖైనీ నమలవద్దనీ రైతులకు చెప్పేది అందుకే. ఇది చాలదన్నట్లు తెల్లదోమ ఆకుముడత తెస్తుంది. లద్దె పురుగు ఒక్క ఆకు మీద గుడ్ల ముద్ద పెట్టిపోతే మూడు రోజుల్లో ఆకు జల్లెడవుతుంది. నికోటిన్‌ను మొక్క వేళ్లలో తయారుచేసి ఆకులకు పంపేది పురుగుల నుంచి కాపాడుకోవడానికే అయినా, ఈ లద్దె పురుగు దాన్ని లెక్కచేయదు.

పొగాకు ఊళ్లలో రైతులు కోతలు కాగానే మోళ్లు పీకేస్తారు. వేసవిలో పచ్చని పొగాకు మొక్క ఎక్కడా మిగలకూడదు, మిగిలితే తెగులూ పురుగూ దాని మీద బతికి ఆగస్టు నారుమళ్ల మీదికి వస్తాయి. ఆ ఊళ్లోనే ఒక మేడ మీద ఎవరో పేరు తెలియక కొనుక్కున్న నికోషియానాను నీడలో పెట్టి, నీళ్లు పోసి జూన్ దాకా బతికించారనుకోండి. ఊరంతా కలిసి పాటించిన కట్టుబాటు ఆ ఒక్క కుండీ దగ్గర తెగిపోతుంది. రైతు ఎకరాకు ఎంత అప్పు తెచ్చి పెడుతున్నాడో తెలిసినదాన్ని కాబట్టి నాకిది చిన్న విషయంగా కనబడదు. అందుకే మా తమ్ముడి ఇంట్లో ఒక్క పూల పొగాకు మొక్క కూడా పెట్టనివ్వలేదు, మరదలు అడిగినా ఇవ్వలేదు. నేను ఊరికి వెళ్లే రోజు మేడ మీదికి వెళ్లను, స్నానం చేసి ఉతికిన చీర కట్టుకునే నారుమడి గట్టు ఎక్కుతాను. వాడు నవ్వుతాడు. నవ్వినా సరే.

కాబట్టి పొగాకు, మిరప పండించే పల్లెల్లో ఈ మొక్క వద్దనే చెబుతాను. పట్నాల్లో పెంచేవారు టమాటా, వంగ కుండీలకు దూరంగా, మేడకు ఇంకో చివర పెట్టుకోవాలి. కూరగాయ మొక్కల పని ముందు చేసుకుని చివర దీని దగ్గరికి రావాలి. ఆకుల మీద మొజాయిక్ మచ్చలు కనబడితే మొక్కంతా పీకి తగలబెట్టాలి, కంపోస్టులో వేయకూడదు. మార్చి ఆఖరుకల్లా తీసేయాలి. కాయలు పగలకముందే తుంచాలి, ఒక్కో కాయలో వందల గింజలుంటాయి. ఈ మాట అతిగా అనిపిస్తే మన బంజర్లలో సన్నని కాడలతో, పసుపుపచ్చని గొట్టపు పూలతో నిలబడే చెట్టు పొగాకును చూడండి. దక్షిణ అమెరికా నుంచి అలంకార మొక్కగా ఎన్నో దేశాలకు వెళ్లి, తోట గోడ దాటి కలుపైపోయిన జాతి అది. దాన్ని ఆకుకూర అనుకుని వండుకుని చనిపోయినవారు వేరే దేశాల్లో ఉన్నారు.

అభ్యంతరం చెప్పిన పాఠకుడికి రెండు మాటలు. చట్టం గురించి ఆయన భయపడనక్కర్లేదు. 1975 నాటి పొగాకు బోర్డు చట్టం రిజిస్ట్రేషన్ అడిగేది సిగరెట్లకు వాడే వర్జీనియా పొగాకు సాగుకు. గుంటూరు కేంద్రంగా 1976 నుంచి బోర్డు పని చేస్తున్నది ఆ పంట కోసం. పూల కోసం పెంచే అలాటా, సిల్వెస్ట్రిస్ వర్జీనియా పొగాకు కిందికి రావు. పొగాకు మనుషులను ఏం చేస్తుందో నాకు ఆయనంత బాగానే తెలుసు. ఉద్యోగరీత్యా శ్రీకాకుళం వైపు ఉన్నప్పుడు అడ్డపొగ తాగే ముసలమ్మలను చూశాను. నిప్పు నోట్లో ఉంచుకుని చుట్ట కాల్చే ఆ అలవాటుకు అంగిలి తెల్లబడి, పుండై, కొందరికి కాన్సర్‌గా మారుతుంది. నాకు ఆ మొహాలు గుర్తున్నాయి. బీడీ, చుట్ట, గుట్కా మీద ఆయన ఎన్ని ఉత్తరాలు రాసినా కింద నా సంతకం కూడా పెడతాను. కుండీలో రాత్రిపూట పూసే తెల్లని పువ్వు ఏ పిల్లవాడినీ కిళ్లీ కొట్టుకు తీసుకుపోదు. నేను ఆ పువ్వును తరగతికి తీసుకువెళ్లి, ఇంత అందమైన మొక్క పురుగులను చంపడానికి వేళ్లలో విషం వండుతుందనీ, ఆ విషాన్నే మనుషులు డబ్బిచ్చి పీలుస్తున్నారనీ చెప్పినప్పుడు పిల్లలు మాట్లాడకుండా విన్నారు. సిగరెట్ పెట్టె మీది హెచ్చరిక బొమ్మ కంటే అది వారికి ఎక్కువగా తగిలిందని నా నమ్మకం.

రాజమండ్రిలో 1947లో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ అన్న పేరుతో ఏర్పడిన సంస్థలో పంట రకాలతో పాటు అడవి నికోషియానా జాతుల సేకరణ కూడా ఉంది. వీటి గుణాలు, తెగుళ్లు అక్కడి శాస్త్రవేత్తలకంటే బాగా తెలిసినవారు మన దగ్గర లేరు. ఇంటితోటల వారికి ఏ జాతిని ఎక్కడ పెంచవచ్చో, ఎక్కడ పెంచకూడదో వారు ఒక్క పేజీ తెలుగులో రాసి ఇస్తే ఉద్యానశాఖ దాన్ని నర్సరీలకు పంచవచ్చు. విత్తనాలు అమ్మేవారు పాకెట్టు మీద ‘పూల పొగాకు’ అని తెలుగులో పెద్దక్షరాలతో వేయాలి. జాతి పేరు, ఎత్తు, పరిమళం ఉందో లేదో, విషమన్న హెచ్చరిక, పొగాకు, మిరప, టమాటాల దగ్గర పెట్టవద్దన్న మాట ఉండాలి. ఇంత చెప్పినా కొనేవారు కొంటారు. రాత్రి ఒక్కసారి ఆ వాసన పీల్చినవారు మరుసటి ఏడు మళ్లీ అడుగుతారు, అమ్మకాలు పోతాయన్న భయం వద్దు.

ఒంగోలు దుకాణాల్లోకి ఈ ఏటి పాకెట్లు అప్పుడే వచ్చేశాయి. గింజలు చల్లే రోజులు ఇంకో రెండు వారాల్లో మొదలవుతాయి. ఆలోగా వచ్చే ఆదివారం పేజీలోనే ఆ జాబితాను సరిచేసి, నికోషియానా పక్కన అది పొగాకు జాతి అనీ, ఏయే ఊళ్లలో వేయకూడదో అనీ చేర్చి మళ్లీ అచ్చువేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయిని,
ఒంగోలు